తిమ్మన్న చెప్పిన మంద

శనివారం ఆఖరి పీరియడు ఎవరికీ పట్టని పీరియడు. పిల్లల మనసు అప్పటికే బడి గేటు దాటి బస్సెక్కి కూర్చుని ఉంటుంది. అందుకే ఓర్వకల్లు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే రమణి ఆ పీరియడును మాటల పుట్టుకకు వదిలేసింది. వారానికి ఒక ఇంగ్లీషు మాట. అది ఎక్కడ పుట్టింది, ఎవరి ఇంట్లో పెరిగింది, ఏ వేషంలో మన నోటికి చేరింది, అంతే. పరీక్షలో రాదు కాబట్టి పిల్లలు శ్రద్ధగానే వింటారు.

ఆ వారం మాట ‘టెల్’. అడిగింది తొమ్మిదో తరగతి నబీసా. చెప్పడానికి ‘సే’ ఉండగా మళ్ళీ ‘టెల్’ ఎందుకు, ఇంగ్లీషువాళ్ళకు ఒక మాట చాలదా అని దాని బాధ. రమణి దగ్గర కర్నూలులో పాత పుస్తకాల అంగట్లో కొన్న లావుపాటి నిఘంటువు ఒకటుంది. దాన్ని ఎత్తినప్పుడల్లా అత్త సోమక్క, “ఆ రాయిని యాడికి మోస్తాండావమ్మా?” అంటుంది. ఆ రాతిలోనే జవాబు దొరికింది.

“వెయ్యేళ్ళ కిందట టెల్ అంటే చెప్పడమే కాదు, లెక్కపెట్టడం కూడా. బ్యాంకులో నోట్లు ఎంచి ఇచ్చే మనిషిని టెల్లర్ అనేది అందుకే. కథను టేల్ అంటాం కదా, అదీ ఈ ఇంటి బిడ్డే. జర్మనీవాళ్ళు ఇప్పటికీ లెక్కపెట్టే మాటకే ముందు ఇంకో ముక్క తగిలించి కథ చెప్పడం అంటారు. జపమాల పూసలు తిప్పడాన్ని కూడా ఇంగ్లీషులో పూసలు టెల్ చేయడమనే అనేవాళ్ళు.”

“మా దాదీ తస్బీ తిప్పుతాది టీచర్,” అంది నబీసా. “లెక్కా పెడతాది, అల్లాకు చెప్పుకుంటాది కూడా. అది సరే. మామూలుగా లెక్కకీ కథకీ ఏం సంబంధం టీచర్? మా లెక్కల సారు ఎప్పుడూ ఒక కథ కూడా చెప్పల్యా.”

తరగతంతా నవ్వింది. రమణి కూడా నవ్వింది గానీ జవాబు తట్టలేదు. తెలియదు, సోమవారం చెప్తా అని ఒప్పేసుకుంది. నిజానికి ఆ రోజు ఆమె మనసు కూడా బడిలో లేదు. సాయంత్రం గొర్రెల వ్యాపారి సైఫుల్లా ఇంటికి వస్తున్నాడు. మామ తిమ్మన్న మంద మొత్తం అమ్మకానికి పెట్టారు.

మొగుడు ఉమామహేశ్‌ను ఈ విషయంలో తప్పు పట్టడానికి లేదు. నాలుగు నెలల కిందట తిమ్మన్నకు మూతి ఒక పక్కకు లాగింది. కర్నూలు ఆసుపత్రిలో పదకొండు రోజులు పడుకోబెట్టారు. కాలు వచ్చింది, చెయ్యి వచ్చింది, మాట కూడా నిదానంగా వచ్చింది. అంకెలు మాత్రం రాలేదు. తలకాయలో మాటలుండే గది వేరు, అంకెలుండే గది వేరు, ఆ రెండో తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో చెప్పలేమని డాక్టరు చేతులెత్తేశాడు.

వేరే పనివాడికైతే అది పెద్ద నష్టం కాదు. కానీ గొర్రెల కాపరికి సాయంత్రం దొడ్డి గుమ్మం దగ్గర పెట్టే లెక్కే పగలంతా చేసిన పనికి సాక్ష్యం. తిమ్మన్న యాభై ఏళ్ళుగా ఆ గుమ్మం పక్కన కట్టె పట్టుకుని నిలబడినవాడు. ఆయన పెట్టే లెక్కలో ఒకటి అనేది ఉండదు. ‘ఒకటి’ అంటే ఒంటరిదవుతుందని మొదటి గొర్రెను ‘లాభం’ అంటాడు. లాభం, రెండు, మూడు అని సాగుతుంది. వాళ్ళ నాయన అట్లాగే పెట్టాడు, ఆయన నాయనా అట్లాగే.

ఆసుపత్రి నుంచి వచ్చిన మరుసటి రోజు తిమ్మన్న గుమ్మం దగ్గర నిలబడి మొదటి గొర్రెకు లాభం అన్నాడు. రెండోదానికి కూడా లాభమే అన్నాడు. నలభై తొమ్మిది గొర్రెలకూ లాభమే. వీధిలోవాళ్ళు నవ్వారు. సోమక్క పొరక చేతికి తీసుకున్న తరువాత నవ్వడం మానేశారు. ఆయనే సిగ్గుపడి, మరునాటి నుంచి గట్టిగా పలకడం మానేశాడు. పెదవులు మాత్రం కదిలేవి, లోపల ఏదో గొణుక్కునేవాడు.

నెల కిందట రెండు గొర్రెలు తప్పిపోయాయి. ఆ సాయంత్రం ఉమామహేశ్ ట్రాలీ ఆటో దిగుతూనే, “ఎన్ని ఉండాయి నాయనా?” అని అడిగాడు. తిమ్మన్న జవాబు చెప్పలేకపోయాడు. “ఎన్ని? ఎన్ని వచ్చినాయి?” అని కొడుకు రెట్టించాడు. ఆయన “కుంటిది... దాని బిడ్డ...” అంటూ కొండవైపు చెయ్యి చూపించి వగర్చాడు. ఒంట్లో బాగాలేక ఏదో పలవరిస్తున్నాడని గొంగడి కప్పి పడుకోబెట్టారు. తెల్లారి లెక్కపెడితే నలభై ఏడు ఉన్నాయి. కొండ వెనక కుక్కలు మిగిల్చినవి దొరికాయి.

అప్పటినుంచి మోకాళ్ళ నొప్పులతోనే సోమక్క మంద వెంబడి తిరుగుతోంది. ఉమామహేశ్ ఫ్యాక్టరీ స్థలాల్లో ఇసుక, సిమెంటు తోలే పని వదులుకోలేడు. కూలికి కాపరి దొరికే కాలం కాదు. అమ్మేద్దాం నాయనా అని కొడుకు చెప్పిన రోజు తిమ్మన్న గొంగడి అంచును రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. వద్దనలేదు, సరే అనలేదు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. వద్దు అనే మాట ఆయన దగ్గర ఉంది, అది పోలేదు. లెక్క చెప్పలేని కాపరికి ఆ మాట అనే హక్కు పోయిందనుకున్నాడు, అంతే. ఇది రమణికి అర్థమైంది. అర్థమై ఏం లాభం? ఆరేళ్ళ కిందట రాజంపేట నుంచి కోడలిగా వచ్చిన రమణి, ఇంటి మగవాళ్ళ గొర్రెల మాటల మధ్యలోకి ఎప్పుడూ పోలేదు. మామతో ఆమె మాటలు కాఫీకీ మాత్రలకీ మించి సాగలేదు. ఆయన ఆమెను పేరు పెట్టి పిలిచింది కూడా లేదు.

ఆమె ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. దొడ్డి ముందు మోటార్ సైకిల్ ఆపుకుని సైఫుల్లా నిలబడి ఉన్నాడు. గళ్ళ లుంగీ, భుజాన తువ్వాలు, తెల్ల గడ్డం. ముప్పై ఏళ్ళుగా తిమ్మన్న పొట్టేళ్ళను కొంటున్న మనిషి. మేపు నుంచి మంద అప్పుడే వచ్చి తుమ్మకంప కంచె బయట నిలబడింది. అన్నీ నల్ల గొర్రెలే. ఉన్ని కత్తిరించి పది రోజులే అయింది కాబట్టి, వీపుమీది రంగు గుర్తులు ఉన్నితో పాటే పోయాయి. రమణి కంటికి ఒకదానికీ ఇంకోదానికీ తేడా లేదు.

ఉమామహేశ్ తడిక కొంచెమే జరిపి, ఒక్కొక్క గొర్రే దూరేటంత సందు పెట్టాడు. “నేను లెక్క చెప్తా సైఫుల్లన్నా, నువ్వు చూసుకో,” అన్నాడు.

“నువ్వు కాదప్పా,” అన్నాడు సైఫుల్లా. “పెద్దన్న చెప్పల్ల. కాపరి నోటితో లెక్క చెప్పి అప్పగిస్తేనే నేను తోలుకపోతా. మా అబ్బా నేర్పిన పద్ధతి. ఆయన చెప్పకుండా తోలుకపోతే దొంగతనం చేసినట్ల ఉంటాది నాకు.”

గౌరవంతోనే అన్నాడు పాపం. ఆ గౌరవం ఆ క్షణాన ఎంత బరువైందో ఆయనకు తెలియదు. తిమ్మన్నకు జబ్బు చేసిందని విన్నాడు గానీ అంకెలు పోయాయని ఎవరు చెప్తారు ఊళ్ళో వ్యాపారికి? ఉమామహేశ్ నాయన ముఖం వైపు చూడలేక కంచె వైపు తిరిగాడు. సోమక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తిమ్మన్న వచ్చి గుమ్మం పక్కన నిలబడ్డాడు. కట్టె పట్టుకున్నాడు. మొదటి గొర్రె దూరింది.

“లాభం,” అన్నాడు.

రెండోది దూరింది. ఆయన నోరు తెరిచాడు, మూశాడు. “లాభం,” అన్నాడు మెల్లగా. మూడోది తల పెట్టింది. ఆయన కట్టె అడ్డం పెట్టి దాన్ని ఆపాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సైఫుల్లా కూడా ఏదో తప్పు జరిగిందని గ్రహించి తువ్వాలు సర్దుకున్నాడు. వెనక గొర్రెలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

రమణి కాఫీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని అరుగు దగ్గర ఉంది. ఆమెకు మామ పెదవులు కనిపిస్తున్నాయి. అవి కదులుతున్నాయి. రోజూ సాయంత్రం కదిలినట్టే, ఆగిపోయిన మూడో గొర్రెను చూస్తూ ఏదో అంటున్నాయి. అంకెలు రాని మనిషి నాలుగు నెలలుగా ప్రతి గొర్రెకూ ఏమంటున్నాడు? ఇందాక బడిలో తాను నల్లబల్ల మీద రాసి, సంబంధం తెలియదని ఒప్పుకున్న మాట ఆమెకు ఒక్కసారిగా గుర్తొచ్చింది. పళ్ళెం అరుగు మీద పెట్టింది. మగవాళ్ళున్నారని చూసుకోలేదు, అత్త ఏమంటుందో చూసుకోలేదు. పోయి ఆయన పక్కన నిలబడింది.

“మామా, లెక్క వద్దు,” అంది. “లోపలికి ఎవరు పోతాండారో చెప్పు. చాలు.”

తిమ్మన్న ఆమె వైపు చూశాడు. నాలుగు నెలల్లో ఆ మాట అడిగినవాళ్ళు ఒక్కరు లేరు. అందరూ ఎన్ని అనే అడిగారు. ఆయన కట్టె ఎత్తాడు. గొర్రె లోపలికి పోయింది.

“అది కొమ్మిరిగినోడు,” అన్నాడు. “రాళ్ళలో ఎగిరి ఇరగ్గొట్టుకున్యాడు. దాని ఎనక వాని అక్క.”

మాట తడబడింది గానీ ఆగలేదు.

“ఇది వాన్లో పుట్టింది. గొంగట్లో సుట్టుకోని తెచ్చినా. ఇది దొంగది, ఎవురి చేన్లోకైనా దూరతాది. దీనికి తల్లి లేదు, సోమక్క సీసాతో పాలు తాపింది. ఈయమ్మ ముసలామె, శానా కాన్పులు. వాళ్ళిద్దరూ దాని బిడ్డలే, ఎప్పుడూ పొడుసుకుంటాంటారు. ఇది... ఇది సుంకులమ్మకు మొక్కింది. ఇంగా తీర్సల్యా.”

“అయ్యో, నేను మరిసేపోతి,” అని సోమక్క రెండు చెంపలూ వేసుకుంది. మొక్కిన గొర్రెను కూడా అమ్ముకునేవాళ్ళే, ఇంకాసేపుంటే.

గొర్రెలు ఒక్కొక్కటే పోతున్నాయి. ఆయన ఒక్కదాన్నీ వదల్లేదు. ఒకదానికి పిడుగు పడిన రోజు, ఒకదానికి పాము పక్కన పడుకుని బతికిన సంగతి, ఒకదానికి ఏమీ లేక “ఇది మంచిది, ఏమీ తెల్దు దీనికి” అని ఒక ముక్క. గొంతు నిదానంగా పాతబడింది, అంటే పాత తిమ్మన్న గొంతైంది. మొదట వేళ్ళు మడుస్తూ నిలబడిన సైఫుల్లా తన లెక్క తాను పెట్టుకుంటూనే వింటున్నాడు. ఉమామహేశ్ కంచె వైపునుంచి ఇటు తిరిగాడు.

ఆఖరి గొర్రె గుమ్మంలోకి రాగానే తిమ్మన్న కట్టె అడ్డం పెట్టేశాడు.

“ఇది మనది కాదు.”

“నాయనా, మనదే. సరిపోయినాయి,” అన్నాడు ఉమామహేశ్. “నేనూ పెట్టినా. నలభై ఏడు.”

“నాకూ నలభై ఏడే వచ్చింది పెద్దన్నా,” అన్నాడు సైఫుల్లా.

“అంకె నాకు తెల్దు,” అన్నాడు తిమ్మన్న. “ఇది ఈరక్క మందది. నీళ్ళకాడ కలిసింటాది. మన సూడిది రాల్యా. తొలి కాన్పుది. పొద్దున దొడ్లోనే పక్కకు పక్కకు పోతాండె.”

ఉమామహేశ్ వంగి ఆ గొర్రె కుడిచెవి పైకెత్తి చూశాడు. చెవి చివర కత్తిరించిన గాటు ఉంది. పక్క ఊరి ఈరక్క తన మందకు పెట్టుకునే గాటు. ఇద్దరు తెలివైనవాళ్ళు, కళ్ళున్నవాళ్ళు, అంకెలున్నవాళ్ళు నలభై ఏడని తేల్చేశారు. ఆ నలభై ఏడులో ఒకటి పరాయిది. తమది ఒకటి ఎక్కడో కొండ దగ్గర ఒంటరిగా ఈనుతోంది.

“ఆ గుండ్ల సందున ఉంటాది,” అని తిమ్మన్న కట్టెతో చూపించాడు. “నీడ ఉండేకాడ. బిరీన పో.”

ఉమామహేశ్ తన మోటార్ సైకిల్ తీశాడు. రమణి అడగకుండానే వెనక ఎక్కింది. ఓర్వకల్లు గుట్టలు ఇంటికి కూతవేటు దూరంలోనే ఉన్నా, దారి అంతా రాళ్ళే కాబట్టి బండి నడిచినట్టే పోయింది. వెలుతురు ఇంకా ఉంది. గుండ్ల కింద, ఒకదాని మీద ఒకటి ఒరిగిన చోట, గొర్రె నిలబడి పిల్లను నాకుతోంది. పిల్ల నాలుగు కాళ్ళ మీద లేవడానికి చూసి పడుతోంది, మళ్ళీ లేస్తోంది. కొంచెం దూరంలో రెండు కుక్కలు తొందరేమీ లేదన్నట్టు కూర్చుని ఉన్నాయి. ఉమామహేశ్ రాయి విసిరితే లేచి అవతలికి పోయాయి.

రమణి పిల్లను కొంగులో చుట్టి ఎత్తుకుంది. తడిగా, వెచ్చగా ఉంది. దాని గుండె ఆమె అరచేతిలో టకటకా కొట్టుకుంటోంది. ఇంకో గంట ఆలస్యమైతే అనే ఆలోచనను ఆమె పూర్తిగా ఆలోచించదలచుకోలేదు.

తిరుగుదారిలో తల్లి గొర్రె పిల్ల వాసన పట్టుకుని వాళ్ళ వెంటే వస్తోంది. ఉమామహేశ్ బండి నడిపించుకుంటూ పక్కన నడుస్తున్నాడు. సగం దారిలో ఆగిపోయాడు.

“ఆ పొద్దు కూడా చెప్పినాడు రమణీ,” అన్నాడు. “కుంటిదీ, దాని బిడ్డా అన్యాడు. కొండ పక్క చెయ్యి చూపించినాడు. అంతకన్నా ఎవురన్నా ఎట్ల చెప్తారు? నేనే, ఎన్నని అడిగితి, ఎన్నని అడిగితి. గొంగడి కప్పి పండుకోబెడితి.”

ఆ నిమిషంలో అతన్ని ఓదార్చడం అన్యాయమనిపించింది రమణికి. ఆ రాత్రి గొంగడి కాళ్ళ దాకా లాగింది తనే. పెద్ద మనిషి తన మంద గురించి తనకు చేతనైన తీరులో, వెయ్యేళ్ళనాటి తీరులో, ఒక్కొక్కరి కథా చెప్తూనే ఉన్నాడు. వినేవాళ్ళకే చెవులు లేకపోయాయి. సోమవారం నబీసాకు ఏం చెప్పాలో ఆమెకు ఇప్పుడు తెలుసు. ఒక్కొక్కటినీ ఆపి, చూసి, ఇది ఎవరో పలికితేనే లెక్క. కథా అంతే. మనిషి రెండు పనులూ ఒకే నోటితో, ఒకే గుమ్మం దగ్గర నిలబడి మొదలుపెట్టి ఉంటాడు. దీన్ని నిఘంటువు పెద్దలు ఒప్పుకుంటారో లేదో ఆమెకు పట్టలేదు.

దొడ్డి దగ్గర సైఫుల్లా ఇంకా ఉన్నాడు. ఈరక్క గొర్రెను విడిగా కట్టేసి దాని ముందు ఆకు వేశాడు. తిమ్మన్న రమణి కొంగులోని పిల్లను చేతుల్లోకి తీసుకుని, నోట్లో వేలు పెట్టి జిగురు తీసి, తల్లి ముందు దించాడు.

“అన్నా, బేరం ఇప్పుడు వద్దు,” అన్నాడు ఉమామహేశ్. “తప్పుగా అనుకోవద్దు.”

“నేనే అనాలని కూచోనుండా భాయ్,” అన్నాడు సైఫుల్లా. “గొర్రెలు కొంటా గానీ, ఇవన్నీ నాకు యాడ గుర్తుంటాయి? ఆ దొంగది దొంగదని నాకెవురు చెప్తారు?” బండి ఎక్కబోతూ తిమ్మన్న రెండు చేతులూ పట్టుకుని కళ్ళకు అద్దుకున్నాడు. “పండక్కి రెండు పొట్టేళ్ళు మాత్రం నువ్వే చూపించు పెద్దన్నా. ఏవి ఇయ్యాలో నీకే తెల్సు.”

సైఫుల్లా పోయాక ఉమామహేశ్ నాయన కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు. క్షమించమని అడిగే అలవాటు ఆ ఇంట్లో మగవాళ్ళకు లేదు. “నాయనా, రేపటి నుంచి నేను రాంగానే ఎవరెవరు వచ్చినారో చెప్తావా? కొంచెం కొంచెంగా నాకూ నేర్పు,” అన్నాడు. తిమ్మన్న కొడుకు తలమీద చెయ్యి పెట్టి, “నీకు శానా దినాలు పడతాది,” అన్నాడు. సోమక్క నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూనే.

తడిక మూశారు. సోమక్క పొయ్యి చూసుకోవడానికి లేచింది. తిమ్మన్న ఇంటి గుమ్మం పక్కన, కట్టె గోడకు ఆనించి నిలబడ్డాడు. మంద లోపలికి పోయినా ఆయన పెదవులు ఇంకా ఆగలేదు. నాలుగు నెలలుగా నోట్లోనే ఉండిపోయిన మాటలు మరి.

“సోమక్క,” అన్నాడు, ఆమె గడప దాటుతుంటే. “నాకన్నా ముందు సచ్చిపోతానని బెదిరిస్తాంటాది.” ఆమె “ఊరికే ఉండు” అని కసిరి లోపలికి పోయింది. “ఉమామహేశు. సిన్నప్పుడు గొర్రెల మద్దెన్నే నిద్రపోయేటోడు. పొద్దంతా ఎతికినాము.” ఉమామహేశ్ తల వంచుకుని లోపలికి పోయాడు.

రమణి వెనకబడింది. కొంగంతా తడి, రక్తం, ఉన్ని. కాళ్ళు కడుక్కుని గుమ్మం దగ్గరికి వచ్చింది. తనకు ఏమీ ఉండదులే అనుకుంది. ఉంటే ‘ఇస్కూలు పాప’ అంటాడు, అంతే.

తిమ్మన్న ఆమెను ఆపి చూశాడు.

“రమణి,” అన్నాడు. “శానా దూరం నుంచి వచ్చింది. వచ్చిన తొలిపొద్దు బస్సు దిగినాక చెప్పు తెగిపోయింది. ఎవురికీ చెప్పల్యా. చేతిలో పట్టుకోని, ఎండలో ఈడిదాకా నడిచింది. కాళ్ళు బొబ్బలెక్కినాయి. ఏడవల్యా.”

ఆరేళ్ళు. ఆ చెప్పు సంగతి ఉమామహేశ్‌కు కూడా తెలియదు. పెళ్ళిజనం అంతా ముందు నడుస్తుంటే, ఎవరూ చూడలేదనుకుని ఆమె ఆ రాత్రి చీకట్లో కాళ్ళకు నూనె రాసుకుంది. మందకు వెనక నడిచే మనిషి వెనకబడినవాళ్ళను చూడకుండా ఎలా ఉంటాడు?

“అందరూ వచ్చినారు,” అని తిమ్మన్న కట్టె తీసి మూలన పెట్టాడు.

రమణి గడప దాటి లోపలికి వచ్చి, తలుపు వారన నిలబడి, అప్పుడు ఏడవనిదంతా ఇప్పుడు ఏడ్చింది. లోపలినుంచి సోమక్క అన్నం చల్లారిపోతాండాదని ముగ్గురినీ కేకేసింది.